వెనక కూర్చునే ఆమెకు హెల్మెట్ ఎట్ల చూసి కొనాలె

హెల్మెట్ అంటే బండి నడిపేటోళ్ల సామాను అనే లెక్క మన దిక్కు ఇంకా పూర్తిగా పోలేదు. నడిపే ఆయన నెత్తి మీద హెల్మెట్ ఉంటది, వెనక కూర్చున్న ఆమె నెత్తి మీద కొంగో స్కార్ఫో ఉంటది, మధ్యల పిలగాడు ఉంటే వానికి ఏదీ ఉండదు. హైదరాబాద్ పోయేటప్పుడు మాత్రం నల్గొండ దిక్కు నుంచి అయితే చౌటుప్పల్ దాటినంక, ఇటు పాలమూరు నుంచి పోయేటోళ్లయితే షాద్‌నగర్ దాటినంక, కెమెరాలు ఫొటో కొడ్తయని గుర్తొచ్చి ఇంట్ల మూలకు పడుంటే వెంట పట్టుకొచ్చిన పాత హెల్మెట్ ఒకటి తీసి ఆమె నెత్తి మీద పెడ్తరు, అది ఆమె నెత్తికి సరిపోతదా లేదా అని ఎవరూ చూడరు, ఎందుకంటే అది చలాన్ కోసం పెట్టింది కానీ తల కోసం కాదు.

చట్టం సంగతి ముందు చెప్పుకొని పక్కన పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 129 నడిపేటోళ్లకీ, వెనక కూర్చునేటోళ్లకీ ఇద్దరికీ ఒక్కటే, 2019 సవరణ తర్వాత నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కళ్లూ పెట్టుకోవాలె. తలపాగా కట్టుకున్న సిక్కులకు మినహాయింపు ఉంది కానీ ఆడవాళ్లకు వేరే మినహాయింపు అనేది అందులో లేదు. ఢిల్లీలో ఒకప్పుడు ఆడవాళ్లకు రాష్ట్ర రూల్ కింద మినహాయింపు ఉండేది, 2014లో సిక్కు ఆడవాళ్లకు తప్ప మిగతావాళ్లకు దాన్ని కూడా తీసేసిన్రు.

ఇప్పుడు లెక్క చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 రిపోర్టు ప్రకారం హెల్మెట్ లేకుండా పోయి చనిపోయినోళ్లు దేశం మొత్తం మీద 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నోళ్లు. అంటే ప్రతి ఏడుగురిలో ఇద్దరు. ఇందులో ఆడవాళ్లు ఎంతమంది అనే ముక్క పక్కకు పెడితే కూడా, మన దగ్గర వెనక సీటు ఎక్కువగా ఎవరిదో అందరికీ తెలిసిందే, భార్యలు, అమ్మలు, చెల్లెండ్లు, కాలేజీకి దింపే బిడ్డలు. హెల్మెట్ పెట్టుకుంటే నిజంగా ఏమన్నా ఫరక్ పడ్తదా అంటే, ప్రపంచంలో జరిగిన స్టడీలన్నీ కలిపి చూసిన కొక్రేన్ రివ్యూ ఒకటి 2008లో వచ్చింది, చావు ముప్పు సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతదని అందులో తేలింది.

కానీ ఏ హెల్మెట్ అనేది అసలు ప్రశ్న. దుకాణానికి పోతే "లేడీస్ హెల్మెట్" అని గులాబీ రంగుది, పూల స్టిక్కర్లు ఉన్నది ఒకటి తీసి చూపిస్తరు, చాలాసార్లు అది పైన చిన్న గిన్నె బోర్లించినట్టు సగం నెత్తి వరకే ఉంటది. రంగు తప్ప అందులో ఆడవాళ్ల కోసం ఆలోచించి చేసింది ఏమీ ఉండదు. ఆలోచించాల్సింది వేరే ఉంది: ఆమె బండి మీద ఎట్ల కూర్చుంటది, పడితే ఏ వైపు పడ్తది, నెత్తి మీద జుట్టు ఎట్ల ఉంటది. ఈ మూడూ నడిపేటోళ్లతో పోలిస్తే పూర్తిగా వేరు, అందుకే నడిపేటోళ్లకు మంచిదైన హెల్మెట్ వెనకామెకు మంచిది కాకపోవచ్చు.

ముందు కూర్చునే సంగతి. చీర కట్టుకున్నామె ఒక పక్కకు కూర్చుంటది, కాళ్లు రెండూ ఎడమ వైపు ఉంటయి, ముఖం రోడ్డు అంచు వైపు ఉంటది, వీపు రోడ్డు మధ్యకు ఉంటది. కుడి భుజం నడిపే ఆయన వీపుకు ఆనుకుంటది. కుడి చెయ్యి ఆయన భుజం మీద, ఎడమ చెయ్యి వెనక కడ్డీ మీద పెట్టుకోవాలె, కానీ ఆ ఎడమ చేతిలో సంచి ఉంటది, లేకపోతే ఒళ్లో పాప ఉంటది. ఇప్పుడు ఊరు మొదట్ల గుర్తు కూడా లేని స్పీడ్ బ్రేకర్ వచ్చి బండి ఒక్కసారి ఎగిరితే నడిపే ఆయన చేతుల్లో హ్యాండిల్ ఉంది, మోకాళ్ల మధ్య ట్యాంకు ఉంది, ఆయన ఆగుతడు. ఆమెకు పట్టు లేదు, జారి బండి వెనక్కి పోతది లేదా వీపు మీద వెల్లకిలా పడ్తది, రెండు రకాల్లో కూడా ముందు నేలకు తగిలేది చాలాసార్లు తల వెనక భాగం. పైగా వెల్లకిలా పడేది రోడ్డు మధ్య వైపుకు, వెనక నుంచి బండ్లు వచ్చే వైపుకు.

బండి మెల్లగ పోతుంది కదా, పక్క ఊరికే కదా అనే మాట ఇక్కడ పనికిరాదు. బండి మీద కూర్చున్నామె తల భూమికి దగ్గర దగ్గర మీటరున్నర ఎత్తులో ఉంటది, అంత ఎత్తు నుంచి ఊరికే కింద పడినా, బండి ఆగి ఉన్నా సరే, నేలకు తగిలే టైంకు తల స్పీడ్ గంటకు దాదాపు 20 కిలోమీటర్లు ఉంటది, ఇది భూమి ఆకర్షణ లెక్క, నడిపే ఆయన ఎంత జాగ్రత్తగా నడిపినా అది తగ్గదు. మన జిల్లాల్లో వేరే కారణాలు కూడా ఉన్నయి. కోతల టైంలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తరు, వాటి చుట్టూ రాళ్లు పెడ్తరు, రాత్రి కుప్ప చేసి పట్టా కప్పితే నల్ల పట్టా నల్ల రోడ్డు మీద కనపడదు. వడ్ల మీద టైర్ ఎక్కితే జారుడే. లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డుకు అడ్డం వచ్చే బర్లు, ఇవన్నీ పెద్ద స్పీడ్ లేకుండానే మనిషిని కింద పడేసేవే.

కాబట్టి మొదటి పాయింట్, వెనకామె హెల్మెట్ తల వెనక భాగాన్ని మెడ మొదలు దాకా కప్పాలె. సగం టోపీ లాంటివి, చెవుల పైనే అయిపోయేవి, ఎంత ముద్దుగా ఉన్నా కొనొద్దు, ఎందుకంటే ఆమెకు దెబ్బ తగిలే చోట అది లేనే లేదు. ఇంక మిగిలినవి మూడు రకాలు. ముఖం ఓపెన్ ఉండి చెవులు, వెనక భాగం మూసేది ఒకటి, గదవ కూడా మూసే ఫుల్ ఫేస్ ఒకటి, ఆ గదవ భాగం పైకి లేపుకునే ఫ్లిప్ అప్ ఒకటి. రక్షణలో ఫుల్ ఫేస్‌దే మొదటి స్థానం, అందులో వాదన లేదు, దవడ, పళ్లు, ముక్కు మిగిలేది దాంతోనే. ఓపెన్ ఫేస్‌ది ముఖాన్ని కాపాడదు, ముందు ఉండే అద్దం దుమ్ముకీ పురుగులకే కానీ రోడ్డుకు కాదు.

అయితే ఇక్కడ బరువు అనే ముచ్చట ఉంది. ఒక పక్కకు కూర్చున్నామె ముందుకు చూడాలంటే మెడ కుడి పక్కకు తిప్పాలె, మెడ తిప్పి నెత్తి మీద కిలోన్నర బరువు పెట్టుకొని దేవరకొండ నుంచి నల్గొండ దాకా పోతే మెడ పట్టేస్తది, ఆ తర్వాత ఆమె ఇంకోసారి హెల్మెట్ ముట్టదు. నడిపేటోళ్లు మెడ నిటారుగా పెట్టుకుంటరు కాబట్టి వాళ్లకు ఆ బరువు తెల్వదు. ఓపెన్ ఫేస్‌వి సుమారు కిలో అటుఇటు, ఫుల్ ఫేస్ కిలో పావు నుంచి కిలోన్నర, ఫ్లిప్ అప్ ఇంకా కొంచెం ఎక్కువ ఉంటయి, అందుకని ఫ్లిప్ అప్ చూడ్డానికి రెండు విధాలా పనికొచ్చేదే అయినా పక్కకు కూర్చునేటోళ్లకు అంత సుఖం ఉండదు. కాళ్లు రెండు వైపులా వేసి కూర్చునేటోళ్లు, అంటే డ్రెస్సో జీన్సో వేసుకునే కాలేజీ పిల్లలు, ఉద్యోగాలకు పోయేటోళ్లు, వాళ్లు తేలికైన ఫుల్ ఫేస్ తీసుకోవడమే కరెక్ట్. చీరలో పక్కకు కూర్చొని ఊర్లో, మండలం దాకా తిరిగే అమ్మలకు, అత్తమ్మలకు మంచి ఓపెన్ ఫేస్ ఒకటి రోజూ పెట్టుకుంటే, ఇంట్ల గోడకు వేలాడే ఫుల్ ఫేస్ కంటే అదే నయం. కానీ 65వ నంబర్ హైవే మీదో 44వ నంబర్ హైవే మీదో పోయేది ఉంటే, లారీల పక్క నుంచి పోయేటప్పుడు, ఫుల్ ఫేసే ఉండాలె, మెడ నొప్పి అయితే మధ్యల ఆగి చాయ్ తాగి పోవచ్చు.

ఇప్పుడు జుట్టు. మగవాళ్లు రాసే హెల్మెట్ సలహాల్లో ఈ ముచ్చట దాదాపు కనపడదు, ఆడవాళ్లు హెల్మెట్ వద్దనడానికి మాత్రం ఇది ఒక పెద్ద కారణం. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ వెనక లేచి ముందుకు వంగుతది, కండ్ల మీదికి వస్తది, దాంతో ఆమె దాన్ని వెనక్కి నెట్టుకుంటది, నుదురు మొత్తం బయట పడ్తది. కొప్పు పట్టాలని రెండు సైజులు పెద్దది కొంటే ఇంకా మోసం, అది పడేటప్పుడే ఊడిపోతది. నడుమ వరకు ఉన్న జడ అయితే సమస్య లేదు, కానీ జడ మొదలు ఎక్కడ అల్లుతరనేది చూసుకోవాలె, నడినెత్తి మీద గట్టిగ రబ్బర్ బ్యాండ్ వేసి అల్లితే అక్కడ ముడి హెల్మెట్‌కు అడ్డం పడ్తది, మెడ దగ్గర నుంచి వదులుగ అల్లితే హెల్మెట్ కింది అంచు నుంచి జడ సాఫీగ బయటికి వస్తది. క్లచ్ క్లిప్పు, గట్టి ప్లాస్టిక్ పిన్నులు, స్లైడ్లు లోపల ఉంచొద్దు, హెల్మెట్ మీద దెబ్బ పడితే ఆ గట్టి వస్తువు నేరుగా నెత్తికి గుచ్చుకుంటది. సవరం వేసుకునేటోళ్లకు కూడా ఇదే మాట, పెండ్లికి పోయేటప్పుడు సవరం, పూలు, జడగంటలు సంచిలో పెట్టుకొని పోయి ఫంక్షన్ హాల్ దగ్గర పెట్టుకోవడమే. పూలదండ హెల్మెట్ కింద వాడిపోతదని అసలే పెట్టుకోనోళ్లు ఉన్నరు, దండను సిగకు కాకుండా మెడ కింద జడకు చుట్టుకుంటే హెల్మెట్‌కు అడ్డం రాదు.

కొన్ని హెల్మెట్లకు వెనక జడ కోసం గంటు పెట్టి అమ్ముతున్నరు, చూస్తే బాగుంటది. కానీ ఆ గంటు పడేది ఏ చోట అనేది చూడాలె, పైన చెప్పినట్టు ఆమెకు దెబ్బ తగిలేదే తల వెనక భాగానికి, అక్కడే మెటీరియల్ తీసేస్తే ఏం లాభం. కింది అంచు దగ్గర మెత్తటి ప్యాడ్‌లో మాత్రమే జడకు దారి ఇచ్చినవి పర్వాలేదు, గట్టి డిప్పలోనే ఖాళీ ఉన్నవి వద్దు.

కమ్మలు కూడా ఒక తలనొప్పే. జుంకాలు, బుట్టలు పెట్టుకొని హెల్మెట్ తొడిగితే చెవి మడత పడ్తది, తీసేటప్పుడు చెవి తమ్మె లాగుతది. హెల్మెట్ తొడిగేటప్పుడు రెండు పట్టీలను చేతులతో బయటికి గుంజి, హెల్మెట్‌ను కొంచెం వెడల్పు చేసి, ముందు నుదురు పెట్టి ఆ తర్వాత వెనక్కి దించుకుంటే చెవులు, కమ్మలు దెబ్బతినవు. దిద్దులు, చిన్న కమ్మలు అయితే ఏ ఇబ్బందీ లేదు. స్టిక్కర్ బొట్టు ప్యాడ్‌కు అంటుకొని పోయేది మాత్రం ఎవరూ ఆపలేరు, పర్సులో ఇంకో ప్యాకెట్ ఉండాలె అంతే.

సైజు కొలవడం చాలా సులువు, అయినా ఎవరూ చేయరు. దర్జీ దగ్గర ఉండే టేపు తీసుకొని కనుబొమ్మలకు ఒక అంగుళం పైన, చెవుల పైనుంచి, వెనక తల ఎక్కువ ఉబ్బుగ ఉన్న చోటు మీదుగ చుట్టి కొలవాలె, ఆమె రోజూ వేసుకునే జడతోనే కొలవాలె, తలస్నానం చేసి జుట్టు విరబోసుకున్నప్పుడు కాదు. 56 సెంటీమీటర్లు వస్తే ఎస్, 58 వస్తే ఎం, 60 వస్తే ఎల్ అని లెక్క, కొన్నింటి మీద 560, 580 అని మిల్లీమీటర్లలో ఉంటది, కంపెనీని బట్టి అటుఇటు అవుతది. మన ఇండ్లల్ల ఆడవాళ్లు చాలామందికి ఎస్ లేదా ఎం పడ్తది, వాళ్ల నెత్తి మీద ఉండేదేమో నడిపే ఆయన పాత ఎల్ సైజు. ఇదే ఇక్కడ అసలు జబ్బు, హెల్మెట్ ఆమె కోసం కొనరు, ఆయన కొత్తది కొనుక్కుంటే పాతది ఆమెకు వస్తది.

అందుకే హెల్మెట్ కొనడానికి ఆమెను తీసుకపోవాలె. ఆన్‌లైన్‌లో ఆఫర్ ఉందని ఆయన ఒక్కడే చూసి బుక్ చేస్తే సరిపోదు, తెప్పించినా ఆమె పెట్టుకొని చూసినంకనే ట్యాగ్ తెంపాలె. పెట్టుకోగానే చెంపలు కొంచెం నొక్కుకొని ముఖం ఉబ్బినట్టు కనపడాలె, ఆమెకు నచ్చదు, "మస్తు టైట్ ఉంది" అంటది, దుకాణపాయన కూడా వెంటనే ఇంకో సైజు పెద్దది తీస్తడు. ఆగాలె. కొత్త హెల్మెట్ ప్యాడ్లు కొన్ని వారాల్లో మెత్తబడి సర్దుకుంటయి, మొదటి రోజే హాయిగ ఉన్నది తర్వాత వదులైతది. తల అటుఇటు ఊపితే హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం కూడా కదలాలె, హెల్మెట్ వేరే, తల వేరే తిరుగుతుంటే పెద్ద సైజు అన్నట్టు. ఆ తర్వాత పట్టీ పెట్టి, వెనక కింది అంచు పట్టుకొని పైకి ముందుకు లేపి చూడాలె, ఊడి వస్తే అది ఎంత ఖరీదుదైనా ఆమెది కాదు. ఐదు పది నిమిషాలు అట్లనే ఉంచి తీసినంక నుదుటి మీద ఒక్క చోటే ఎర్రగ అచ్చు పడితే అది సైజు సమస్య కాదు, ఆ కంపెనీ డిప్ప ఆకారం ఆమె తలకు సరిపోలేదు, వేరే కంపెనీది చూడాలె. కండ్లద్దాలు ఉన్నోళ్లు అద్దాలతోనే పెట్టి చూసుకోవాలె.

హెల్మెట్ లోపల ఏముందో తెలిస్తే నకిలీ పట్టుకోవడం ఈజీ. పైన గట్టి డిప్ప, ఏబీఎస్ ప్లాస్టిక్‌ది గానీ ఫైబర్‌ది గానీ ఉంటది, దాని లోపల గట్టి థర్మాకోల్ పొర, దాని మీద మెత్తటి గుడ్డ ప్యాడ్లు. కాపాడేది ఎక్కువగా ఆ థర్మాకోలే. కొత్త టీవీ డబ్బాలో థర్మాకోల్ నలిగిపోయి టీవీని కాపాడినట్టు, ఇది నలుగుతూ దెబ్బను మింగుతది, తల ఆగే టైంను కొంచెం పెంచుతది. హైవే పక్కన తాడుకు వేలాడదీసి రెండొందలకు, మూడొందలకు అమ్మే వాటిలో చాలావాటి లోపల ఆ పొరే ఉండదు, ఉన్నా వేలు మందం ఉండదు, స్పాంజ్ ముక్క అంటించి గుడ్డ కప్పుతరు. ప్యాడ్ కొంచెం పక్కకు జరిపి వేలుతో నొక్కితే తెలిసిపోతది, గట్టి థర్మాకోల్ చేతికి తగలాలె.

మన దేశంలో హెల్మెట్ స్టాండర్డ్ ఐఎస్ 4151, ఐఎస్ఐ మార్క్ లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి నిషేధం. హెల్మెట్ వెనక ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్ తోటి మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉంటయి. స్టిక్కర్ ఎవరైనా కొట్టించొచ్చు కాబట్టి స్టిక్కర్‌ను చూసి మురిసిపోకుండా ఐఎస్ఐ మార్క్ ఇచ్చే సర్కారు సంస్థ బీఐఎస్‌ది బీఐఎస్ కేర్ అనే యాప్ ఉంటది, అందులో ఆ నంబర్ కొట్టి చూస్తే ఏ కంపెనీకి ఆ లైసెన్స్ ఇచ్చిన్రో, అది నడుస్తుందో లేదో వస్తది, దుకాణంలో నిలబడి ఫోన్‌లో రెండు నిమిషాల పని. డాట్ అని పెద్ద అక్షరాలు రాసినవి కూడా అమ్ముతరు, అది అమెరికా మార్క్, అక్కడ కంపెనీ తనకు తానే సర్టిఫై చేసుకునే పద్ధతి, ఐఎస్ఐ లేకుండా ఒట్టి డాట్ స్టిక్కర్ ఉంటే ఇక్కడ దానికి విలువ లేదు. ధర కూడా మరీ భయపడేంత లేదు, పేరున్న కంపెనీల ఓపెన్ ఫేస్ ఐఎస్ఐ హెల్మెట్ వెయ్యి రూపాయల అటుఇటు దొరుకుతది, చీరకు ఫాల్, పీకో, బ్లౌజు కుట్టుకూలి కలిపితే అయ్యే ఖర్చు.

పట్టీ గురించి తక్కువ మాట్లాడ్తరు కానీ పట్టీ పెట్టని హెల్మెట్ నెత్తి మీద ఉన్నా లేనట్టే, పడేటప్పుడు ముందు అది ఎగిరిపోతది. గదవ కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువు ఉంటే చాలు. ప్రతిసారి ఆయన దిగి పట్టీ పెట్టే పరిస్థితి ఉంటే ఆమె పెట్టుకోదు, అందుకే కొనేటప్పుడే ఆమె ఒక్క చేత్తో పెట్టి తీయగలిగే క్లిప్ ఉన్నది చూసుకోవాలె, పండ్లు పండ్లుగ ఉండి లోపలికి నెడితే టిక్ టిక్ అని బిగుసుకునే రకం ఒంట్లో ఓపిక లేని పెద్దవాళ్లకు బాగుంటది. డబుల్ రింగ్ రకం గట్టిదే కానీ ఒళ్లో పాపను పెట్టుకొని అది కట్టుకోవడం కష్టం.

ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నప్పుడు కొత్తగా వచ్చే గొడవ ఒకటి ఉంది, బ్రేక్ కొట్టినప్పుడల్లా టక్కుమని రెండు హెల్మెట్లు కొట్టుకుంటయి. రెండు వైపులా కాళ్లేసి కూర్చుంటే ఆమె ముందు భాగం తగుల్తది, పక్కకు కూర్చుంటే కుడి కణత వైపు తగుల్తది. ముందు టోపీ అంచులాగ పొడుచుకొచ్చిన కప్పు ఉన్న హెల్మెట్ వెనకామెకు అస్సలు వద్దు, అది పోయి ఆయన మెడకు గుచ్చుకుంటది. గుండ్రంగ, ఏ అంచులూ లేకుండా ఉన్నది తీసుకోవాలె. మిగతాది నడిపేటోళ్ల చేతిలో ఉంది, స్పీడ్ బ్రేకర్ ముందు ముప్పై అడుగుల దూరంలోనే స్పీడ్ తగ్గిస్తే హెల్మెట్లు కొట్టుకోవు, "పెట్టుకుంటే టకటక కొట్టుకుంటుంది" అని హెల్మెట్‌ను తిట్టేటోళ్లు బ్రేక్ ఎట్ల కొడ్తున్నరో ఒకసారి చూసుకోవాలె.

ఎండ సంగతి చెప్పకపోతే మన జిల్లాల గురించి రాసినట్టే కాదు. మే నెలల నల్గొండలో 44, 45 డిగ్రీలు మామూలు, ఆ ఎండల హెల్మెట్ అంటే ఎవరికైనా చిరాకే. లేత రంగుది, తెల్లది తీసుకుంటే నల్ల దానికంటే వేడి తక్కువ పడ్తది, ముందు పైన గాలి రంధ్రాలు ఉండి వెనక గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలె, ముందు మాత్రమే ఉంటే ఉత్త డిజైన్. లోపల పల్చటి కాటన్ గుడ్డ ఒకటి కట్టుకుంటే చెమట, కొబ్బరినూనె ప్యాడ్‌కు పట్టదు, వాసన రాదు, జుట్టు కూడా రాపిడికి తెగదు. ప్యాడ్లు ఊడదీసి ఉతుక్కునేవి ఉన్నది కొంటే ఇంకా మంచిది. గుడ్డ అంటే పల్చటిదే, మన ఆడపిల్లలు ఎండకు కట్టుకునే పెద్ద స్కార్ఫ్ నెత్తి చుట్టూ మూడు చుట్లు తిప్పి వెనక ముడి వేసి దాని మీద హెల్మెట్ పెడితే ఆ ముడి కొప్పు చేసే పనే చేస్తది. స్కార్ఫ్ ముక్కు, మెడ వైపు చుట్టుకొని నెత్తి మీద ఒక్క పొరే ఉంచుకోవాలె. హిజాబ్ వేసుకునే ఆడవాళ్లకు కూడా అంతే, లోపల మెత్తటి క్యాప్, పైన పిన్నులు లేకుండా చుట్టిన గుడ్డ, సైజు కొలిచేది దాని మీద నుంచే.

అద్దం తెల్లదే కొనాలె, నల్ల అద్దం పగలు బాగనే ఉంటది, చీకటి పడినంక తిరిగి వచ్చేటప్పుడు ఆమె అద్దం పైకి లేపుకొని కూర్చుంటది, పురుగులన్నీ కంట్ల పడ్తయి.

దిగినంక హెల్మెట్ ఎక్కడ పెట్టాలె అనేది చిన్న ముచ్చట లాగ కనపడ్తది కానీ చాలామంది పెట్టుకోకపోవడానికి ఇది కూడా ఒక కారణం. కూరగాయల మార్కెట్‌కో, మన్యంకొండ జాతరకో, చెర్వుగట్టు గుట్టకో పోయినంక రెండు హెల్మెట్లు చేతుల్ల పట్టుకొని తిరగలేరు, బండి మీద వదిలితే మాయం. చాలా బండ్లకు సీటు పక్కన హెల్మెట్ హుక్ ఒకటి కంపెనీ నుంచే ఉంటది, అదీ ఉందని తెల్వక కొన్నేండ్లు బండి నడిపినోళ్లు ఉన్నరు. రెండోదానికి పట్టీల నుంచి దూర్చి తాళం వేసే చిన్న కేబుల్ లాక్ కొనుక్కుంటే సరిపోతది. అద్దం కొమ్మకు తగిలించడం మాత్రం వద్దు, మిర్రర్ కొన పోయి లోపలి థర్మాకోల్‌కు గుంట పెడ్తది. బండి కొన్నప్పుడు హెల్మెట్ ఇవ్వాలని రూల్ ఎప్పటి నుంచో ఉంది, 2025లో కేంద్రం ఒకటి కాదు రెండు ఇవ్వాలని ముసాయిదా కూడా తెచ్చింది, అయితే షోరూంలో ఇచ్చే హెల్మెట్ ఏ సైజో, ఆ రెండోది ఎవరి తల కొలిచి ఇస్తరో అనేది అక్కడ కూడా అడగాల్సిందే.

హెల్మెట్ సరిగ్గ ఉండి చున్నీ చక్రంలో పడితే ఏం ఫాయిదా లేదు కాబట్టి ఇది కూడా చెప్పుకోవాలె. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూల్ ప్రకారం వెనక సీటు ఉన్న ప్రతి బండికి పట్టుకునే కడ్డీ, కాళ్లు పెట్టుకునే చోటు, వెనక చక్రం కనీసం సగం మూసే గార్డ్ ఉండాలె, దాన్నే శారీ గార్డ్ అంటరు. స్టైల్ పోతుందని పిలగాళ్లు దాన్ని విప్పి ఇంట్ల పడేస్తరు, అదే బండి మీద అమ్మను ఎక్కించుకొని దవాఖానకు పోతరు. కొంగు నడుముకు దోపుకోవాలె, చున్నీ రెండు కొనలు ముందుకు తెచ్చి ముడి వేసుకోవాలె, హెల్మెట్ కింది నుంచి వేలాడే స్కార్ఫ్ కొనకు కూడా ఇదే వర్తిస్తది. ఒళ్లో చిన్న పిల్లలుంటే తొమ్మిది నెలల నుంచి నాలుగేండ్ల దాకా వాళ్లకు సరిపోయే హెల్మెట్, నడిపేటోళ్లకు కట్టే బెల్ట్, నలభైకి మించని స్పీడ్ అని 2022లో రూల్ వచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది, మన రోడ్ల మీద ఇప్పటిదాకా ఆ బెల్ట్ కనపడ్డది తక్కువే.

ఇంక పాత హెల్మెట్ ఎప్పుడు మార్చాలె అంటే, రోజూ వాడేది మూడు నుంచి ఐదేండ్లు అని కంపెనీలే చెప్తయి, ప్యాడ్లు వదులై తలకు పట్టు లేకపోతే అంతకంటే ముందే. పెట్రోల్‌తో తుడవొద్దు, పెట్రోల్, థిన్నర్ లాంటివి థర్మాకోల్‌ను కరిగిస్తయి, సబ్బు నీళ్లు చాలు. ఒక్కసారి మనిషి తలతో పాటు నేలకు గట్టిగ కొట్టుకున్న హెల్మెట్, పైకి చిన్న గీతే కనపడినా, లోపల థర్మాకోల్ నలిగిపోయి ఉంటది, అది మళ్లీ ఉబ్బదు, రెండో దెబ్బకు పనికిరాదు. అట్లాంటి దాన్ని "వెనక కూర్చునే ఆమెకే కదా" అని దాచిపెట్టొద్దు, చెత్తలో వేసేటప్పుడు కూడా పట్టీ కోసేసి వేయాలె, లేకపోతే ఇంకెవరో ఏరుకొని తుడిచి ఇంకొకళ్ల నెత్తి మీద పెడ్తరు.